ఒలింపిక్స్ చూసి వచ్చే ఊపు పట్టుమని పది రోజులు కూడా ఎందుకుండదు?

సోఫా_సుందరం
నాలుగేళ్ళకోసారి నాకు ఇదే జబ్బు. ఒలింపిక్స్ మొదలైతే చాలు, టీవీకి అతుక్కుపోతా. పేరు కూడా పలకడం రాని దేశపు అమ్మాయి ఆఖరి మలుపులో దూసుకొస్తుంటే సోఫా మీంచి లేచి అరుస్తా. రేపట్నుంచి నేనూ పరిగెత్తాల్సిందే అని పూనకం వస్తుంది. కొత్త బూట్లు కూడా వస్తాయి. ముగింపు వేడుక అయిపోతుంది, బూట్లు కొత్తవిగానే ఉండిపోతాయి. టోక్యో అప్పుడూ అంతే, పారిస్ అప్పుడూ అంతే.
అసలు ఈ స్ఫూర్తి అనేది నిజంగా ఎవరికైనా పనిచేసిందా? లేక వ్యాఖ్యాతలూ ప్రకటనలవాళ్ళూ కలిసి మనకి అంటగట్టిన మాటా? చూసి ఏదైనా మార్చుకున్నవాళ్ళుంటే చెప్పండి. నీతులు మాత్రం వద్దు.

వెటకారం_వెంకట్
నాకు బ్రహ్మాండంగా పనిచేసింది. జిమ్నాస్టిక్స్ రెండు పూటలు చూసేసరికి "దిగేటప్పుడు అడుగు కదిలింది, పదోవంతు పాయింటు పాయె" అని జడ్జిల కంటే ముందే చెప్పేస్తున్నా. వంగి నా కాలివేళ్ళు నేను ముట్టుకోలేను, అది వేరే సంగతి.

నడకరాయుడు
సుందరం గారూ, పదిహేను రోజుల ఊపుతో ఎవరూ మారరు, నిజమే. కానీ ఆ పదిహేను రోజుల్లో బూట్లు కట్టుకుని బయటికి వెళ్ళారా లేదా అన్నది అసలు ప్రశ్న. పారిస్ మారథాన్ రోజున ఆట అవ్వగానే నేను గుమ్మం దాటాను. పరుగు కాదు, ఉత్త నడక. ఇప్పటికీ నడుస్తున్నా. టీవీ కట్టేశాక "రేపు" అనుకుని ఉంటే నాదీ మీ కథే.

లెక్కలమాష్టారు
నడకరాయుడు గారిది ఒక మనిషి కథ. జనం మొత్తాన్ని తీసుకుంటే లెక్క కుదరదు.
2012 లండన్ ఒలింపిక్స్ నినాదమే ఒక తరానికి స్ఫూర్తినివ్వడం. సుమారు 900 కోట్ల పౌండ్ల ప్రజాధనం పోశారు. చూసినవాళ్ళంతా మైదానాల మీద పడతారని ఆశ. మరుసటి ఏడాది బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ కూర్చుని చూస్తే, ఆటలాడేవాళ్ళ సంఖ్యలో అనుకున్న పెద్ద పెరుగుదల జాడ లేదు. వైద్య పరిశోధకులు పాత ఒలింపిక్స్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టినా, వీటివల్ల జనం ఎక్కువ కదిలారనడానికి గట్టి ఆధారం దొరకలేదు.
ఆ పరిశోధనల్లో తేలిన ఒక ముక్క మాత్రం నాకు సబబుగా తోచింది. ఇప్పటికే ఆడేవాళ్ళు ఇంకొంచెం ఎక్కువ ఆడతారు. ఒకప్పుడు ఆడి మానేసినవాళ్ళు కొందరు వెనక్కి వస్తారు. ఎన్నడూ ఆడనివాళ్ళు చాలావరకు చప్పట్లు కొట్టి ఊరుకుంటారు.

సోఫా_సుందరం
అంటే నేను మూడో రకమన్నమాట. గౌరవంగా చెప్పినందుకు ధన్యవాదాలు మాష్టారూ.

పాతరాకెట్టు
నేను మాష్టారు చెప్పిన రెండో రకం. చదువుకునే రోజుల్లో బ్యాడ్మింటన్ బాగానే ఆడేదాన్ని. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇక రాకెట్ అటక ఎక్కింది. 2016లో రియో ఫైనల్, సింధు మొదటి గేమ్ 21-19తో లాక్కుంది చూడండి, అప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే కదులుతోంది. ఆ తర్వాత మారిన్ రెండు గేములూ తీసేసుకుంది, సింధుకి రజతం. ఓడిపోయినందుకు నాకు ఏడుపు రాలేదు. "నేనెందుకు మానేశాను?" అని మాత్రం గట్టిగా తగిలింది.
మళ్ళీ మొదలుపెట్టాను. పదహారేళ్ళ పిల్లలు నన్ను కోర్టు నాలుగు మూలలా పరిగెత్తిస్తారు. ఏ మాత్రం సిగ్గు లేదు.

మూడోలేన్
మాష్టారూ, లండన్ ఒక్కటి పట్టుకుని అందరినీ కొట్టేస్తే ఎలా? 1972 మ్యూనిక్‌లో ఫ్రాంక్ షార్టర్ మారథాన్ గెలిచాక అమెరికాలో పరుగు పిచ్చి ఎలా పట్టుకుందో చదవండి. అదే ఒలింపిక్స్‌లో ఓల్గా కోర్బుట్‌ని చూసి ఎన్ని దేశాల్లో ఆడపిల్లలు జిమ్నాస్టిక్స్ క్లబ్బుల ముందు వరస కట్టారో కూడా.

లెక్కలమాష్టారు
షార్టర్ ఒక్కడి వల్లే అని రాయకండి తమ్ముడూ. జాగింగ్ చేస్తే గుండెకి మంచిదని అక్కడి వైద్యులు 1960ల చివర్నుంచే చెబుతున్నారు. జనం సగం సిద్ధమై ఉన్నారు. అతను గెలిచి ఆ గేటు తీశాడు. కోర్బుట్ విషయంలో మీతో ఏకీభవిస్తా.

మూడోలేన్
గేటు తీయడం చిన్న పనా మాష్టారూ?

రాత్రిడ్యూటీ
అందరూ స్ఫూర్తి అంటే పరుగే అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను నర్సుని, డ్యూటీలో నడిచే నడక చాలు, మళ్ళీ ఇంటికొచ్చి పరిగెత్తమంటే పరిగెత్తను.
నా సంగతి వేరు. 2016 రియో వెయిట్‌లిఫ్టింగ్‌లో మీరాబాయి చానుకి క్లీన్ అండ్ జెర్క్‌లో (బరువుని ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) ఒక్క ప్రయత్నమూ చెల్లలేదు. మొత్తం లెక్కలో ఆమె పేరు పక్కన బరువే లేదు. అదే మనిషి టోక్యోలో పోటీల మొదటి రోజునే మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం తెచ్చింది. మధ్యలో ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళూ మనం చూడలేదు కదా, మనకి రెండు చివర్లే తెలుసు.
ఆ రోజు రాత్రి వార్డులో ఫోన్‌లో చూశాను. ఎప్పుడో పక్కన పెట్టేసిన పై చదువు దరఖాస్తు ఆ వారమే నింపాను. ఇప్పుడు ఆ కోర్సు చేస్తున్నా. దీన్ని మీ క్రీడల లెక్కల్లో ఎవరూ రాయరు మాష్టారూ, ఎందుకంటే నేను బరువులెత్తలేదు.

లెక్కలమాష్టారు
ఇది ఒప్పుకుంటాను. ఎవరూ కొలవని చోట ఏం జరుగుతుందో సర్వేలకి తెలీదు.

అన్నిటికంటే_చివర
నాకైతే పతకాలు చూస్తే స్ఫూర్తి రాదు, భయం వేస్తుంది. అలాంటి శరీరాలు, అలాంటి శిక్షణ, మనకీ వాళ్ళకీ పోలికేంటి? నన్ను కదిపేది ఎప్పుడూ చివరగా వచ్చేవాళ్ళే.
పారిస్ మహిళల మారథాన్‌లో సిఫాన్ హసన్ 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లకు గెలిచింది. అంతకుముందే 5000, 10000 మీటర్లలో రెండు కాంస్యాలు తీసుకుని వచ్చి మరీ. అద్భుతం. అయితే నేను ఆగిపోయి చూసింది భూటాన్ అమ్మాయి కిన్జాంగ్ ల్హామోని. 80వ స్థానం, 3 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. గెలిచిన మనిషి తర్వాత గంటన్నరకి వచ్చింది. దారిలో జనం ఆమె పక్కనే నడుస్తూ, సైకిళ్ళు తొక్కుతూ తోడొచ్చారు.
2000 సిడ్నీలో ఎరిక్ ముసాంబాని గుర్తున్నాడా? ఈక్వటోరియల్ గినీ. వెనకబడిన దేశాలకిచ్చే ప్రత్యేక ప్రవేశం మీద వచ్చాడు. 50 మీటర్ల కొలను అంతకుముందు చూసి ఎరగడు. 100 మీటర్ల ఈత హీట్‌లో, అంటే తొలి వడపోత పోటీలో, పక్కనున్న ఇద్దరూ తొందరపడి ముందే దూకి అనర్హులైపోయారు, ఒక్కడే ఈదాడు. చివర్లో మునిగిపోతాడేమో అనిపించింది. 1 నిమిషం 52.72 సెకన్లు. ఛాంపియన్లు దానికి సగం కూడా తీసుకోరు. కానీ స్టేడియం లేచి నిలబడింది. తర్వాత తన దేశపు ఈత జట్టుకి కోచ్ అయ్యాడు.
వాళ్ళని చూసినప్పుడు "నేనూ చెయ్యొచ్చు" అనిపిస్తుంది. బోల్ట్‌ని చూస్తే "అబ్బో" అనిపిస్తుంది, అంతే.

వెటకారం_వెంకట్
ఆ హీట్‌లో నేనుంటే రెండో స్థానం ఖాయం. ఈత రాదు కాబట్టి ఫలితం కాస్త ఆలస్యంగా తేలేది.

నిద్రలేని_పక్షి
@అన్నిటికంటే_చివర 1968 మెక్సికో సిటీ అఖ్వారీని వదిలేశారే! టాంజానియా మనిషి. మారథాన్‌లో పడి మోకాలు దెబ్బతింటే కట్టు కట్టించుకుని, గెలిచినవాడు వచ్చిన గంట తర్వాత, చీకటి పడ్డాక స్టేడియంలోకి కుంటుతూ వచ్చాడు. ఎందుకు ఆగలేదంటే, నా దేశం నన్నింత దూరం పంపింది మొదలుపెట్టడానికి కాదు, ముగించడానికి అన్నాడట.

ఫిజియో_అక్క
ఇక్కడే నేను అడ్డం పడాలి. దెబ్బ తగిలినా ఆగకుండా పరిగెత్తడం టీవీలో చూడ్డానికి బాగుంటుంది. ప్రతి ఒలింపిక్స్ తర్వాతా మా దగ్గరికి అలాంటి వీరులే క్యూ కడతారు. మొదటి రోజే దమ్మున్నంత దూరం పరిగెత్తి పిక్క పట్టేసినవాళ్ళు, నొప్పిలోనే మజా ఉందనుకుని మోకాలు వాచేదాకా గెంతినవాళ్ళు.
1984 లాస్ ఏంజెలెస్‌లో మహిళలకి తొలిసారి ఒలింపిక్ మారథాన్ పెట్టారు. గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఎండదెబ్బకి ఒళ్ళు వంకర్లు పోతూ, తూలుతూ, చివరి చుట్టు పూర్తిచేసి 37వ స్థానంలో పడిపోయింది. దాన్ని ఇప్పటికీ స్ఫూర్తి వీడియోల్లో పెడతారు. అది చూస్తే నాకు చెమటలు పడతాయి. పక్కన వైద్యులు నడుస్తూ, ఆమెకి చెమట పడుతోందా లేదా అని గమనిస్తూ ఉన్నారని ఆ వీడియోల కింద ఎవరూ రాయరు.
నన్నడిగితే టోక్యోలో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఆగిపోవడం గొప్ప విషయం. గాల్లో తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తనకే తెలియని స్థితి వచ్చింది, అలా దిగితే మెడ విరగొచ్చు. తప్పుకుంది. నానా మాటలూ పడింది. పారిస్‌కి వచ్చి మూడు స్వర్ణాలు తీసుకుపోయింది.

మూడోలేన్
అక్కా, మరి అందరూ ఆగిపోతే ఆటేముంటుంది? బార్సిలోనాలో డెరెక్ రెడ్‌మండ్ తొడ కండరం పట్టేసినా వాళ్ళ నాన్న భుజం పట్టుకుని గీత దాటాడు కదా, అది చూసి ఏడవని మనిషుంటాడా?

ఫిజియో_అక్క
నేనూ ఏడ్చాను తమ్ముడూ. అతను 400 మీటర్ల సెమీఫైనల్ పరిగెత్తే అథ్లెట్, నువ్వు లిఫ్ట్ పనిచెయ్యకపోతే ఆఫీసుకి సెలవు పెట్టే మనిషివి. కిప్చోగె రెండుసార్లు ఒలింపిక్ మారథాన్ గెలిచినవాడు, పారిస్‌లో 30 కిలోమీటర్లు దాటాక ఆగిపోయాడు. ఆయనకి లేని నామోషీ నీకెందుకు?
పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. చురుగ్గా నడవండి. పతకం లేదు, కానీ నా దగ్గరికి రానక్కర్లేదు.

చక్రం_తిప్పు
స్ఫూర్తి మీద నాకో పేచీ ఉంది. నేను చక్రాల కుర్చీ వాడతాను. పారాలింపిక్స్ వచ్చిన నెలంతా నాకు తెలియనివాళ్ళు కూడా ఆగి "మీరు మాకు స్ఫూర్తి అండీ" అంటారు. నేను ఆఫీసుకి వెళ్తున్నానంతే. లిఫ్ట్ బటన్ నొక్కాను. దానికేం స్ఫూర్తి?
పారాలింపిక్స్ చూసేటప్పుడు వెనక విషాద సంగీతం పెట్టుకోకండి. స్కోరు చూడండి. అవని లేఖరా టోక్యోలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం కొట్టి, పారిస్‌లో అదే మళ్ళీ కొట్టింది. స్వర్ణం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఏ షూటర్‌నైనా అడగండి. దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అది పరుగు పందెం, ఓదార్పు బహుమతి కాదు.
నాకు ఊపు వచ్చింది ఎక్కడో తెలుసా? వీల్‌చైర్ రగ్బీ. కుర్చీలు ఢీ కొట్టుకుని తిరగబడుతుంటే పక్కవాడు లేపి నిలబెట్టడం, మళ్ళీ ఢీ కొట్టడం. అది చూశాక నా కుర్చీ చక్రాల మీద చెయ్యి ఎక్కడ పట్టి తోయాలో మార్చుకున్నాను. భుజం నొప్పి తగ్గింది. నాకు దక్కిన లాభం అదీ.

సోఫా_సుందరం
ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు. రగ్బీ వెతికి చూస్తా.

పాతరాకెట్టు
చక్రం_తిప్పు గారూ, అవని కూడా అభినవ్ బింద్రా కథ చదివే షూటింగ్ మీద మనసు పెట్టిందంటారు. 2008 బీజింగ్‌లో ఆయన కొట్టిన స్వర్ణం అలా ఇంకొకరి చేతిలోకి వెళ్ళింది.

చక్రం_తిప్పు
అవును. అక్కడ కూడా చూడండి, ఆమె ఊరికే పొంగిపోలేదు. రైఫిల్ పట్టుకుంది.

అమ్మనే_కోచ్‌ని_కాదు
పిల్లలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? టోక్యోలో స్కేట్‌బోర్డింగ్ స్వర్ణం మోమిజి నిషియాకి వస్తే ఆ అమ్మాయికి 13 ఏళ్ళు. రజతం తీసుకున్న పిల్లకీ 13. మా వాడు అది చూసి "నాకు ఇంకా రెండేళ్ళే టైముంది" అని గాబరాపడ్డాడు. స్ఫూర్తి ఒక్కోసారి ఇలా గడువులా కూర్చుంటుంది నెత్తిమీద. వాడు ఆడుకుంటే చాలు నాకు. చుట్టాలు మాత్రం అప్పుడే పతకం లెక్కలేస్తున్నారు.

అరవైలో_అడుగు
అమ్మా, మీ అబ్బాయికి పారిస్ చూపించు. అదే స్కేట్‌బోర్డింగ్‌లో బ్రిటన్ తరఫున ఆండీ మెక్‌డొనాల్డ్ దిగాడు, 51 ఏళ్ళు. టేబుల్ టెన్నిస్‌లో లక్సెంబర్గ్ తరఫున నీ షియాలియన్ అనే ఆవిడ, 61 ఏళ్ళు, మొదటి రౌండు గెలిచింది కూడా. చిలీ తరఫున జెంగ్ జీయింగ్ తన మొదటి ఒలింపిక్స్ ఆడింది 58లో! రెండేళ్ళ టైమేంటి, వాడికి ఇంకా యాభై ఏళ్ళుంది.
నేను రిటైరయ్యాక టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టింది ఆ షియాలియన్‌ని చూసే. ఆమె పెద్దగా కదలదు, బంతినే తన దగ్గరికి రప్పించుకుంటుంది. ఇది నా మోకాళ్ళకి సరిపోయే ఆట అనిపించింది. మాష్టారి మూడు రకాల్లో నేను మూడోవాణ్ణే. జీవితంలో ఏ ఆటా ఆడలేదు.

లెక్కలమాష్టారు
"చాలావరకు" అన్నాను సార్, "అందరూ" అనలేదు.

వెటకారం_వెంకట్
పారిస్ అంటే యూసుఫ్ డికెచ్‌ని మర్చిపోతారా? 51 ఏళ్ళు, మామూలు కళ్ళజోడు, టీషర్టు, ఒక చెయ్యి జేబులో, పిస్టల్ షూటింగ్‌లో జోడీగా ఆడి రజతం. ఆ ఒక్క ఫోటో చూసి నేను నేర్చుకుంది జేబులో చెయ్యి పెట్టుకోవడం. ఇంకో చేత్తో ఏం చెయ్యాలో నాలుగేళ్ళలో చూద్దాం.

నిద్రలేని_పక్షి
ఒక మాట అడగనా? చూసి ఏదో ఒకటి చేసి తీరాలని ఎందుకు? టోక్యో హైజంప్‌లో బార్షిమ్, టాంబేరీ ఇద్దరూ 2.37 మీటర్ల దగ్గర తేలక, మళ్ళీ ఎగిరి తేల్చుకోకుండా స్వర్ణం పంచుకున్నారు. టాంబేరీ గాల్లోకి గెంతి బార్షిమ్ మీద పడ్డాడు. నేను హైజంప్ చెయ్యను, చెయ్యబోను. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. అది చాలదా?
పారిస్‌లో పాకిస్తాన్ అర్షద్ నదీమ్ జావెలిన్ 92.97 మీటర్లు విసిరి ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. నీరజ్ 89.45తో రజతం. నీరజ్ వాళ్ళమ్మ గారు ఆ గెలిచినవాడూ మా బిడ్డే అన్నారు. ఆ మాట విన్నాక ఆఫీసులో నాకు పోటీగా ఉండే మనిషికి ప్రమోషన్ వస్తే నేనే ముందెళ్ళి చెయ్యి కలిపాను. మొహం మీద నవ్వు నిజమైనదే అని నాకే ఆశ్చర్యమేసింది.

రాత్రిడ్యూటీ
ఇది బాగుంది. దీన్ని ఏ సర్వేలో వేస్తారు మాష్టారూ?

లెక్కలమాష్టారు
నన్ను వదిలేయండి తల్లీ.

నడకరాయుడు
అన్నీ చదివాక సుందరం గారి ప్రశ్నకి నాకు తోచింది చెప్తా. ఊపు రావడం కష్టం కాదు, అది వచ్చిన గంటలో ఎక్కడికి వెళ్ళాలో తెలియాలి. పారిస్ నిర్వాహకులు ఒక మంచి పని చేశారు. ఒలింపిక్ మారథాన్ దారిలోనే 2024 ఆగస్టు 10 రాత్రి మామూలు జనానికి పరుగు పెట్టారు. మారథాన్‌కి 20,024 మంది, 10 కిలోమీటర్లకి అంతే మంది. పొద్దున పురుషుల మారథాన్ జరిగిన దారి, రాత్రికి మామూలు మనుషులది. చూపించి ఊరుకోలేదు, రమ్మన్నారు. లండన్‌లో లేనిది ఇదేనేమో అని నా అనుమానం. పిల్లవాడు ఊపు మీద క్లబ్బుకి వెళ్తే ఖాళీ లేదు, నెల తర్వాత రా అంటే ఆ నెలలో ఊపు ఉంటుందా?

సోఫా_సుందరం
నా బూట్లకి ఆ సమస్య లేదండీ. గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఖాళీగానే ఉన్నాయి.

ఫిజియో_అక్క
సుందరం గారూ, మొదటి వారం పరుగు వద్దు. నడవండి. పిక్క లాగితే ఆగండి.

మూడోలేన్
లాస్ ఏంజెలెస్ 2028 గురించి ఎవరూ మాట్లాడరేం? స్క్వాష్ మొదటిసారి వస్తోంది. క్రికెట్ 1900 తర్వాత మళ్ళీ ఇప్పుడే.

అన్నిటికంటే_చివర
క్రికెట్ వద్దు బాబూ. ఒలింపిక్స్ అందమే మనకి తెలియని ఆటలు చూడటం. క్రికెట్ ఉంటే విలువిద్య ఎవరు చూస్తారు?

మూడోలేన్
తప్పు. క్రికెట్ కోసం ఛానల్ పెట్టినవాడు మధ్యలో విలువిద్య చూస్తాడు. ఆరేసి జట్లే, మిగతా టైమంతా వేరే ఆటలే కదా.

నిద్రలేని_పక్షి
ఇది వేరే చర్చ, కొత్తది మొదలెట్టండి. అందులో స్క్వాష్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ రూల్సు కాస్త వివరంగా రాయండి. ఒకడు అడ్డొచ్చాడని ఇంకొకడు చెయ్యెత్తుతాడు, రిఫరీ ఒకసారి పాయింటు ఇస్తాడు, ఒకసారి మళ్ళీ ఆడమంటాడు. ఎప్పుడేదో నాకు ఎంతకీ అంతుబట్టలేదు.